జాబితాలో పైన రాసిన పేరు

రమణమ్మక్క పోయిందన్న కబురు వచ్చేసరికి నేను పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు వెబ్‌సైట్లు మారుస్తున్నాను. అయిదారేళ్ళకోసారి నాకు తప్పని పని ఇది. ఇల్లు మారినట్టే ఉంటుంది. ఒక్కొక్క సైటునూ విప్పి, దులిపి, అవతల మళ్ళీ సర్దిపెట్టాలి. కల్యాణమండపం, రొయ్యపిల్లల హేచరీ, హోమియో డాక్టరుగారు, రెండు బళ్ళు, ఒక రైసు మిల్లు. అన్నిటికంటే కింద ఒక పేజీ ఉంది. అది బాగుందని గానీ పాడైందని గానీ ఇన్నేళ్ళలో ఎవరూ నాకు ఫోను చేయలేదు. దాని సొంతదారు రమణమ్మక్కే. గుండె ఆగిందట, దోసెల పెనం ముందే కూలబడిందట. యాభై అయిదు కూడా నిండలేదు. ఫోను పక్కన పెట్టి, ఆ పేజీ పేరును చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మిగతా సైట్లన్నీ ఆ పూటకు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

కోటమిట్టలో మేముండిన కాంపౌండు గుర్తొస్తే నాకు మొదట కనిపించేది దూది. నాయన పరుపులు కుట్టేవాడు. పొద్దున్నే వసారాలో కూర్చుని విల్లు పెట్టి దూది ఏకుతుంటే ఆ తీగ చప్పుడు, డుంయ్ డుంయ్‌మంటూ, మా నిద్రలోకి వచ్చేది. లేచి కళ్ళు తెరిస్తే గదంతా పింజలు. ఎండ పడిన చోట అవి ఎక్కడికీ పోకుండా గాల్లోనే తేలుతుండేవి. జడలో దూది, అన్నంలో దూది, అమ్మ ఎంత ఊడ్చినా చాపల కింద దూది. మధ్యాహ్నం దాటాక మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి మళ్ళితే పింజలన్నీ ఒక్కసారిగా లేచి, ఆరు పోర్షన్ల గడపలూ దాటుకుని వెళ్ళేవి. ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు అని రాస్తే అబద్ధం. విసుక్కునేవాళ్ళు. అయినా పండక్కి దిండు కావాలంటే మా గడపే ఎక్కాలి కనక కొంచెం తగ్గి విసుక్కునేవాళ్ళు. ఆ దూది వాసన మీదికి మూడో పోర్షన్ నుంచి రమణమ్మక్క అమ్మే దోసెల వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త దూది వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

ఆరు పోర్షన్లకూ కలిపి ఒకటే గేటు, ఒకటే డోర్ నంబరు. ఆ గేటు పక్కన నులక మంచం మీద మా జేజి, అంటే నాయన తల్లి, పొద్దుటి నమాజు అయినప్పటి నుంచీ కూర్చునేది. చేతిలో తస్బీ పూసలు తిరుగుతూనే ఉండేవి, కళ్ళు మాత్రం గేటు మీదే. పోస్టుమాన్ రానీ, పాలవాడు రానీ, ఎవరింటి చుట్టం రానీ, జేజి ఒకే మాట అడిగేది: "ఎవరు గావాలబ్బయా?" వాళ్ళు పేరు చెబితే వేలు చూపించేది. ఆ పేరు గలవాళ్ళు మా కాంపౌండులో లేకపోతే? పొమ్మనేది కాదు. మొదటి పోర్షన్ మాదే కనక లోపలికి పిలిచి కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, అప్పుడు ఆరా తీసేది. అలా దారితప్పి వచ్చి మా ఇంట్లో అన్నం తిని వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. అమ్మకు అది పెద్ద తలనొప్పి. "అత్తా, ఇది ఇల్లనుకున్నావా సత్రమనుకున్నావా?" అనేది. జేజికి కావాలన్నప్పుడల్లా చెవుడు వచ్చేది.

డిగ్రీ అయ్యాక ట్రంకు రోడ్డులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. సెంటర్ నడిపే సారుకు కొత్తది ఏది కనిపించినా ఆత్రం. మద్రాసులో ఎక్కడో మిషను అద్దెకు తీసుకోవడమెందుకు, మన దగ్గరే పెడదాం అని, వెనక గదిలో ఒక కంప్యూటర్‌ను రెండు బ్యాటరీల మీద నిలబెట్టి, దాన్ని సర్వర్ అన్నాడు. దాని చాకిరీ నాకు అప్పజెప్పాడు. ఊళ్ళో వాళ్ళవి పదకొండు వెబ్‌సైట్లు, అన్నీ ఆ ఒక్క మిషనులోనే. ఇంటర్నెట్‌లో మిషనుకు ఒక నంబరుంటుంది, డోర్ నంబరు లాగా. మాకున్నది ఒక్కటే నంబరు. మరి ఎవరి సైటు ఎవరికి చూపించాలో దానికెట్లా తెలుస్తుంది? వచ్చినవాళ్ళు ఎవరి కోసం వచ్చారో పేరు చెబుతారు. నేను రాసిపెట్టిన జాబితాలో మిషను ఆ పేరు వెతికి, దాని కింద ఉన్న సైటు చూపిస్తుంది. పేరు జాబితాలో లేకపోతే తరిమేయదు. జాబితాలో మొట్టమొదట ఎవరుంటే వాళ్ళ దగ్గరికి తీసుకుపోతుంది. పుస్తకంలో ఇది చదివిన రోజు నాకు నవ్వాగలేదు. ఇంటికొచ్చి జేజికి చెప్పాను. ఆమె తస్బీ ఆపి, "దానికి నీళ్ళిచ్చేది గూడా నేర్పించినారా?" అని అడిగింది.

రమణమ్మక్క గురించి చెప్పాలి. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి పెంచడంలోనే ఆ వయసు దాటిపోయింది. ఆ తమ్ముడు మస్తానయ్య. వాళ్ళు హిందువులే. మా వైపు దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం మామూలే. కాన్పులో తల్లి పోతే, అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల అయిన రమణమ్మక్క వాణ్ణి చంకనేసుకుంది. ఆమెకు చదువు లేదు. వాణ్ణి మాత్రం ఇంటర్ దాకా చదివించింది. పందొమ్మిదేళ్ళ వయసులో వాడు ఆమెతో పాటు దోసెలు వేసేవాడు. ఒకరోజు పిండి గిన్నె మీద మూత పెట్టడం మరిచిపోయి నిద్రపోయాడు. పొద్దున చూస్తే పిండిలో బల్లి. గిన్నెలు పట్టుకుని గేటు దాకా నిలబడిన జనం. ఆమె కోపం నాకు తెలుసు, పాలపొంగు. కానీ ఆ రోజు అంత జనంలో, "పుడతానే తల్లిని మింగినోడివి, నీకు పిండి ఒక లెక్కా!" అనేసింది. వసారాలో నాయన విల్లు ఆగిపోయింది. మస్తానయ్య చేతిలో గరిటె కింద పెట్టి, చొక్కా వేసుకుని, గేటు వైపు నడిచాడు. "యాడికబ్బయా?" అని జేజి అడిగింది. జేజికి జవాబు చెప్పకుండా ఆ గేటు దాటిన మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

సాయంత్రానికి వస్తాడనుకున్నారు. వారానికి వస్తాడనుకున్నారు. రెండు నెలలయ్యాక ఒక పొద్దున రమణమ్మక్క నా ముందు దోసెల పళ్ళెం పెట్టి, "మే షంషాదూ, నీ మిషన్లో అందరి బొమ్మలూ పెడతావంట గదా, మావోడిది పెట్టగూడదా? ఎవరన్నా చూస్తారేమో. వాణ్ణి తెచ్చేదానికి గాదు. నేనన్న మాట వెనక్కి తీసుకోవాల" అంది. అంతే చెప్పి తల వంచుకుంది. ఎవరిదో పెళ్ళి ఫొటోలో మూల నిలబడిన మస్తానయ్యను కత్తిరించి పేజీ చేశాను. పేరు, వయసు, కుడి చేతి మీద పెనం కాలిన మచ్చ, కనిపిస్తే చెప్పడానికి మా సెంటర్ ఫోను నంబరు. జేజికి చూపిస్తే కళ్ళు చికిలించి చూసి, "ఈ పేరు యాడ రాసినావు?" అంది. జాబితాలో అన్నిటికీ కింద అన్నాను. ఆమె మొహం మాడ్చుకుంది. మా ఇంట్లో దువా, అంటే ప్రార్థన, చేసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. కష్టంలో ఉన్న పరాయివాళ్ళ పేరు ముందు, మన పేర్లు ఆ తర్వాత. జేజి దాన్ని ఒక్క పూట కూడా తప్పేది కాదు. "ఆ బిడ్డ పేరు ముందు పెట్టు" అంది. నాకూ అదే న్యాయమనిపించింది. మర్నాడు సెంటర్‌కు పోయి, సెంటర్ సొంత పేజీకి కూడా పైన, జాబితా మొదట్లో మస్తానయ్య పేరు అతికించాను. అట్లా చేస్తే ఏమవుతుందో పుస్తకంలో చదివి నవ్వుకున్నదాన్ని నేనే. ఆ పొద్దు మాత్రం అది గుర్తు రాలేదు.

ఇంకో తప్పు అప్పటికే చేసి ఉన్నాను. పదకొండు సైట్లకూ ముందు మూడు డబ్ల్యూలున్న పేరే రాశాను, ఉత్త పేరు రాయలేదు. డబ్ల్యూలు కొట్టడానికి బద్ధకించినవాళ్ళంతా మిషను లెక్కలో పేరు తెలియని చుట్టాలే. అంతకు ముందైతే వాళ్ళకు మా సెంటర్ పేజీ కనిపించేది, ప్రకటన అనుకుని ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు మస్తానయ్య కనిపించడం మొదలైంది. డాక్టరుగారి కోసం వచ్చినవాళ్ళకు మస్తానయ్య. బడి ఫలితాల కోసం వచ్చినవాళ్ళకు మస్తానయ్య. మూడో రోజు రైసు మిల్లు రెడ్డిగారు ఫోను చేశాడు. "ఏందిమ్మా ఇది? నా మిల్లు పేరు కొడితే ఎవుడో పిల్లోడు నిలబడుండాడంట! మద్రాసు పార్టీ ఫోన్జేసి, మీ అబ్బాయి తప్పిపోయినాడా రెడ్డిగారా అని ఒకటే పరామర్శ! ఇంట్లో ఆడోళ్ళు ఏడుపులు పెట్టుకున్నారు!" రెడ్డిగారికి ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు. ఆ సంగతి ఆయనకు గుర్తు చేసే ధైర్యం నాకు లేకపోయింది.

సారు పిలిచి, సాయంత్రానికల్లా సరిచేయి, లేదా ఆ పేజీ తీసేయి, రెండూ కాకపోతే రేపటి నుంచి రావద్దు అన్నాడు. సరిచేయడం ఒక నిమిషం పని. వాడి పేరున్న నాలుగు వరసలు పైన కత్తిరించి కింద అతికిస్తే చాలు. కానీ కిందికి పోతే మస్తానయ్య మొహం ఎవరికి కనిపిస్తుంది? వాడి పేరు తెలిసి, వాణ్ణే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు లోకంలో ఒక్క రమణమ్మక్కే. ఆమెకు కంప్యూటర్ తెలియదు. ఈ దారితప్పిన జనమే వాడికి దిక్కు. "చూస్తన్నా సార్, ఏదో పట్టడం లేదు" అని నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. నాకు ఉద్యోగం అవసరం. నాయనకు అప్పటికే దూది దుమ్ముతో ఆయాసం. "అబద్ధం జెప్పడం తప్పు గదా జేజీ?" అని అడిగాను. "అబద్ధం జెప్పబాకు. నిజాన్ని నిదానంగా జెప్పు" అంది. దేవుడి దగ్గర ఈ సవరింపు చెల్లుతుందో లేదో నాకు తెలియదు. ఆమె మాత్రం చెల్లుతుందన్నట్టే తస్బీ తిప్పుకుంది.

అయిదో రోజు తడ నుంచి ఫోను. కూతురి పెళ్ళికి కల్యాణమండపం చూద్దామని కంప్యూటర్‌లో పేరు కొట్టాడట ఒక పెద్దాయన. "మండపం రాలేదు గానీ ఈ అబ్బాయొచ్చినాడమ్మా. ఈయనెందుకు తప్పిపోతాడు? లారీలు తూచే కాంటా పక్కన హోటల్లో పొద్దన్నే నాకు దోసె ఏసేది ఈయనే గదా!" అన్నాడు. ఫోను పెట్టిన మరుక్షణం ఆ నాలుగు వరసలూ కిందికి దించేసి, డబ్ల్యూలు లేని పేర్లు కూడా రాసి, సారు దగ్గరికి పోయి దొరికింది సార్ అన్నాను. ఆయన తప్పు దొరికిందనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేనూ రమణమ్మక్కా తడ బస్సెక్కాం. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, దారి పొడుగునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఏదో పాఠం ఒప్పజెప్పుకుంటున్నట్టు. ఆ హోటల్‌కు తలుపుల్లేవు, రేకుల పందిరి. మస్తానయ్య పెనం ముందు నిలబడి ఉన్నాడు. నీళ్ళు చిలకరించి, చీపురు కట్టతో తుడిచి, పిండి పోసి గరిటె తిప్పడం, అంతా అచ్చం ఆమె లాగే. మమ్మల్ని చూశాడు. చెయ్యి ఆపలేదు.

"ఇంటికి రా అబ్బయా" అంది రమణమ్మక్క.

"నేను తప్పిపోలేదక్కా. వచ్చేసినా. తప్పిపోయినాడని ఊరంతా చూపిస్తే ఎట్ట? ఓనరు కొడుకు చూసి, యాడన్నా దొంగతనం జేసి వచ్చినావా అని అడిగినాడు. ముందు ఆ బొమ్మ తీసేయమను" అన్నాడు. చివరి మాట నా వైపు చూసి.

"తీసేస్తుందిలే. నేను జెప్పేది ఇను. అమ్మ పోయింది నీ వల్ల గాదు. ఆ పొద్దు మంత్రసానిని పిలుచుకొని రమ్మని నాయన నన్నే పంపినాడు. వాన. ఉరుములు. జడుసుకొని ఎవురిదో అరుగు మీద ముడుక్కొని కూర్చుండిపోయినా. వాన నిలిచినాక పోయినా. అప్పటికి అయిపోయింది. ఆ మాట అనాల్సింది నిన్ను గాదురా, నన్ను." ఇంత ఉందని నాకు తెలియదు, కాంపౌండులో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే కాంటా మీదికి లారీ ఒకటి ఎక్కుతూ హారను మోగించింది. మస్తానయ్య పెనం మీద దోసె మాడి పొగ లేచింది. దాన్ని గీకి పారేసి, కొత్తగా రెండు వేసి, ఆకుల్లో పెట్టి మా ముందుకు తోశాడు. తినండి అన్నాడు. మేము తిన్నాం. రమణమ్మక్క కన్నీళ్ళు తుడుచుకోకుండానే, పిండి కొంచెం పులిసింది అని కూడా చెప్పింది.

తిరుగు బస్సులో, "ఆ లారీ రొదలో ఇన్నాడో లేదో" అంది. మరుసటి రోజు కూడా అదే. చివరికి, "రాసి పెట్టుమే. బొమ్మ తీసేయ్. వాడు చదువుకున్నోడు, చదువుకుంటాడు" అంది. ఆమె చెప్పినట్టే రాశాను: "మస్తానా, ఆ మాట నిన్ను అనాల్సింది కాదు. వానకు జడిసింది నేను. అక్క." పైకి చదివి వినిపిస్తే సరే అంది. హోటల్‌కు ఫోను చేసి మస్తానయ్యకు పేజీ పేరు చెప్పాను. ఊ అన్నాడు. సర్వర్ ఎవరెవరు ఎప్పుడొచ్చారో రాసిపెట్టుకుంటుంది, ఒక్కో రాకకు ఒక్కో వరస. ఆ పేజీకి ఇంకే దారీ లేదు, పేరు తెలిసినవాళ్ళే రావాలి. వారం తిరిగేసరికి ఒక వరస పడింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక వరస. శనివారం పొద్దున దోసెలకు గిన్నె పట్టుకుని పోతే రమణమ్మక్క తలెత్తకుండానే అడిగేది: "వచ్చినాడా?" "వచ్చినాడక్కా." ఆ పూట నాకు ఒక దోసె ఎక్కువ వేసేది. కొన్ని వారాలు వరస పడేది కాదు. అప్పుడు కూడా వచ్చినాడక్కా అనే చెప్పాను. జేజి నేర్పిన నిదానం కాదది, పచ్చి అబద్ధం. ఆ దోసెలు కూడా తిన్నాను.

తర్వాత మస్తానయ్య ఇంటికి రాకపోకలు మొదలుపెట్టాడు. పండక్కో పబ్బానికో ఒక పూట, చేతిలో మిఠాయి పొట్లంతో. అక్కకు చీర తెచ్చేవాడు. ఇద్దరూ పిండి గురించి, గ్యాసు గురించి, ఎండల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ వాన సంగతి ఈమె ఎత్తేది కాదు, వాడూ ఎత్తేవాడు కాదు. వాడు వెళ్ళాక నాకు ఫోను చేసి, "నా మాటకి ఏమీ అన్లేదుమే" అనేది. నాయన పోయాడు, జేజి పోయింది, కాంపౌండు పడగొట్టి అయిదంతస్తులు లేపారు. ఇప్పుడక్కడ గేటు దగ్గర కుర్రాడెవరో రిజిస్టరు ముందుకు తోసి, ఫ్లాటు నంబరు చెప్పకపోతే లోపలికి వదలడు. నా సైట్లు కూడా అంతే. ఎక్కడో బొంబాయిలోనో సింగపూరులోనో ఉన్న మిషన్లలో ఉంటున్నాయి, నేను వాటిని కంటితో చూసింది లేదు. పేరు తప్పు కొట్టినవాణ్ణి లోపలికి రానివ్వకుండా ఉత్త తెల్ల కాగితం చూపించి పంపేయమని నేనే రాస్తాను. అదే పద్ధతి, అదే క్షేమం. అది రాసే ప్రతిసారీ మనసులో ఏదో చిన్నబోతుంది. ఒక్క రమణమ్మక్క పేజీని మాత్రం ఏ సర్వర్‌కు మారినా చేత్తో ఎత్తుకుని తీసుకుపోయినట్టు తీసుకుపోయాను.

కొరివి పెట్టింది మస్తానయ్యే. పెద్దకర్మ అయిన రోజు మధ్యాహ్నం, భోజనాల సందడి తగ్గాక, గుండుతో, ఆ పక్కింట్లోనే ఉన్న నా ఆఫీసు గదికి వచ్చాడు. తడలో ఇప్పుడు సొంత హోటల్. నలభై దాటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ పేజీ ఉండాదా అక్కా?"

"ఉంది. నువ్వు చూస్తూనే ఉన్నావు గదా మస్తానా."

"చూసేవాణ్ణి. ముందు కోపంగా చూసేవాణ్ణి. తర్వాత ఉండాదా తీసేసినారా అని చూసేవాణ్ణి. తర్వాత్తర్వాత..." ఆగి, గోడకేసి చూశాడు. "దాంట్లో జవాబు రాసేదానికి చోటు పెట్టలేదు గదక్కా నువ్వు."

ఇన్నేళ్ళలో ఎన్ని సైట్లకు ఎన్ని పెట్టెలు పెట్టానో లెక్కలేదు, పేరు రాయండి, ఫోను రాయండి, మీ అభిప్రాయం రాయండి అని. ఆ ఒక్క పేజీకి అలాంటిది కావాలన్న ఊహే నాకు రాలేదు. అక్క చెప్పింది రాశాను, తమ్ముడు చదివాడో లేదో లెక్క చూశాను, దోసెలు తిన్నాను. ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ నోరు పెగలదని నా కళ్ళారా చూస్తూ కూడా, ఒకరికే మాట్లాడే వీలిచ్చాను. ఆమె ఉన్నంతకాలం ఎదురుచూసింది వాడి జవాబు కోసమే. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఏం రాసేవాడివి?" అని అడిగాను.

బయట ఎవరో ఆకులు ఎత్తి పారేస్తున్న చప్పుడు. "వాన గదక్కా. పన్నెండేళ్ళ పిల్లవి. నువ్వు మాత్రం ఏం జేస్తావు... అంతే అక్కా" అన్నాడు.

పేజీ తెరిచి, ఆమె మాటల కింద వాడు చెప్పింది చెప్పినట్టు కొట్టాను. రమణమ్మక్కకు చదువు రాదు కదా, ఆ పేజీలో ఏది రాసినా పైకి చదవడమే నాకు అలవాటు. ఆ అలవాటుతోనే, గట్టిగా, పై నుంచి కింది దాకా చదివాను. మస్తానయ్య గోడ వైపు తిరిగి నిలబడి విన్నాడు.